బంతి లేనివాడి ఆట

1998 జూన్ 14, సాల్ట్ లేక్ సిటీ. ఎన్‌బీఏ ఫైనల్స్‌లో ఆరో ఆట. చికాగో బుల్స్ కంటే యూటా జాజ్ ఒక్క పాయింటు ముందుంది, 86–85. ఆ తర్వాత ఏం జరిగిందో బాస్కెట్‌బాల్ మీద కాస్త ఇష్టం ఉన్న ప్రతివాళ్లకీ తెలుసు. మైకేల్ జోర్డన్ కుడివైపుకి దూసుకెళ్లి, చటుక్కున ఆగి, గాల్లోకి లేచి, ఇంకా 5.2 సెకన్లు ఉందనగా బంతిని బుట్టలో వేశాడు. బంతి వదిలిన చేతిని అలాగే గాల్లో నిలిపిన ఆ బొమ్మ ఎన్ని గదుల గోడల మీద ఉందో లెక్కలేదు.

ఆ ఆట ఎన్నిసార్లు చూసినా నా మనసు ఆ బుట్ట దగ్గరికి చేరకముందే ఆగిపోతుంది. సరిగ్గా చెప్పాలంటే దానికి పద్నాలుగు సెకన్ల ముందు. అప్పుడు బంతి యూటా ఆటగాడు కార్ల్ మలోన్ చేతిలో ఉంది. బుట్టకు ఒక పక్కగా, బుట్టవైపు వీపు పెట్టి నిలబడ్డాడు. వెనక డెనిస్ రాడ్‌మన్ ఒళ్లు ఆనించి కాచుకుని ఉన్నాడు. జోర్డన్ కాపలా కాయవలసింది జెఫ్ హోర్నసెక్‌ని. మలోన్ పని చేసుకోవడానికి చోటు వదులుతూ హోర్నసెక్ అవతలి పక్కకి తప్పుకున్నాడు. జోర్డన్ కూడా అతని వెంట పోవాలి. పోలేదు. వెనక్కి తిరిగి, బుట్ట వెనక ఉండే బేస్‌లైన్ మీదుగా, మలోన్ చూపు అందని పక్కనుంచి వచ్చి, బంతి మీద ఒక్క దెబ్బ వేశాడు. పెనుగులాట లేదు, ఒళ్లు తగల్లేదు. అలవాటైన చోట పెట్టిన వస్తువును చీకట్లో తడిమి తీసుకున్నట్టు తీసుకున్నాడు. గడియారం 18.9 సెకన్లు చూపిస్తోంది. మలోన్ తల తిప్పేసరికి చేతుల్లో గాలి మిగిలింది.

యూటా ఆ ఎత్తు ఏళ్ల తరబడి వేస్తోంది. అంతకుముందు ఏడాది ఫైనల్స్‌లోనూ ఇవే రెండు జట్లు. ఎవరు ఎటు తప్పుకుంటారో, మలోన్ ఏ భుజం మీంచి చూస్తాడో, ఎటు చూడడో, జోర్డన్‌కి కంఠతా వచ్చిన పాఠం. మలోన్ ఆటను మలోన్ కంటే శ్రద్ధగా చదివినవాడు చేయగలిగిన పని అది. 1988లో జోర్డన్ లీగ్ అంతటికీ ఉత్తమ డిఫెండర్ బహుమతి అందుకున్నాడు. అదే ఏడాది అందరికంటే ఎక్కువ పాయింట్లు వేసినవాడూ అతనే. రెండో సంగతి లోకం గుర్తుపెట్టుకుంది.

మన అలంకారశాస్త్రంలో సహృదయుడు అనే మాట ఉంది. కవి ఒక కొస, సహృదయుడు రెండో కొస. ఇద్దరి మధ్యా రసం పుడుతుంది. అభినవగుప్తుడు సహృదయుడి గురించి చెబుతూ అద్దం పోలిక తెచ్చాడు: కావ్యాలతో పదే పదే చేసిన పరిచయం వల్ల మనసు అద్దంలా తేటపడి, వర్ణించిన దానితో ఒకటైపోగలిగినవాడు. బాస్కెట్‌బాల్‌లో మంచి డిఫెన్స్ ఆడేవాణ్ని చూసినప్పుడల్లా నాకు ఆ నిర్వచనమే గుర్తొస్తుంది. బంతి ఉన్నవాడు రాస్తున్నాడు, ఎదురుగా ఉన్నవాడు చదువుతున్నాడు. ఇంకా రాయని వాక్యాన్ని కూడా చదువుతున్నాడు. కైవారాలన్నీ బంతి ఉన్నవాడికే దక్కుతాయి గానీ, కోర్టు మీద ఆ కళను లోతుగా అర్థం చేసుకున్నవాడు ఎదురుగా వంగి నిలబడ్డ ఆ రెండోవాడే.

ఆ వంగి నిలబడటం దగ్గరే మొదలవుతుంది ఈ అందం. కూచిపూడి నేర్చుకోవడానికి వచ్చిన పిల్లని ముందు అరమండిలో నిలబెడతారు. అడుగులూ జతులూ అన్నీ తర్వాత. ఒంటి బరువు కిందికి దిగి నేలతో పరిచయం చేసుకుంటే తప్ప పై కదలికకు ప్రాణం రాదని నాట్యాచార్యులకు తెలుసు. డిఫెండర్ నిలుపు కూడా అలాంటిదే. పాదాలు భుజాల కంటే కాస్త ఎడంగా, మోకాళ్లు వంచి, నడుము కిందికి దించి, బరువంతా పాదాల ముందు భాగం మీద పెట్టి, మడమలు నేలను ఆనీ ఆననట్టు. అరమండిలో మోకాళ్లు పక్కలకి తెరుచుకుంటాయి, ఇక్కడ ముందుకు చూస్తాయి, తేడా అంతే. రెండింటిలోనూ ఒళ్లు ఆగి ఉంది, ఆగి ఉండటంలోనే కదలిక నిండి ఉంది.

మా కాలేజీలో సిమెంటు కోర్టు. అక్కడ పి.డి. సారు మమ్మల్ని చేతులు వీపు వెనక కట్టుకోమని, ఆ వంగిన నిలుపులోనే కోర్టు ఈ గీత నుంచి ఆ గీత దాకా అడ్డంగా జరగమనేవారు. “చేతులతో తర్వాత ఆపుదువు గానీ, ముందు కాళ్లతో చేరరా” అనేవారు. అడ్డంగా జరిగేటప్పుడు కాళ్లు కత్తెర పడకూడదు. పడిన ఆ ఒక్క లిప్తలో ఎదుటివాడు రెండో వైపుకి తిరిగితే ఇక అందుకోలేం. సాయంత్రానికి తొడలు మండిపోయి మెట్లు దిగడానికి గోడ పట్టుకునేవాళ్లం. బంతి ముట్టుకోకుండా గడిచిన ఆ సాయంత్రాల విలువ నాకు అప్పుడు తెలియలేదు. ఇవాళ ఏ పెద్ద ఆటగాడి డిఫెన్స్ చూసినా కళ్లు ముందు పాదాల మీదికి పోతాయంటే అది ఆయన చలవే.

ఇంకో మాట కూడా అనేవారు: బంతిని చూడొద్దు, బొడ్డు చూడు. ఇది ప్రపంచమంతా కోచ్‌లు చెప్పే మాటే, కానీ నిజంగా ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఎదుటివాడి కళ్లు అబద్ధం చెబుతాయి. భుజాలు అబద్ధం చెబుతాయి. బంతి అయితే అబద్ధం చెప్పడానికే పుట్టినట్టు అటూ ఇటూ ఎగురుతుంది. మనిషి ఎన్ని వేషాలు వేసినా నడుము ఎటు పోతే మనిషి అటే పోవాలి. అంత సందడిలో, అంత వేగంలో, ఆ ఒక్క నిజం మీద చూపు నిలపడం ఏకాగ్రతకు పరాకాష్ఠ. కోర్టు దగ్గరగా కూర్చుని చూడండి: బంతి ఉన్నవాడు ఎడమకు ఊగుతాడు, డిఫెండర్ కదలడు, కుడికి ఊగుతాడు, కదలడు, మూడోసారి ఎడమకే ఊగుతాడు, పైకి చూడ్డానికి మొదటిసారి లాంటిదే, ఈసారి మాత్రం ఇద్దరూ కలిసి ఒకే అడుగు వేస్తారు. బూట్లు కీచుమంటాయి, రెండు జతలది ఒకటే చప్పుడు. ఆ చప్పుడు కోసం ఆటలు చూస్తాను నేను.

ఈ చదువును ఒక విద్యగా మార్చినవాడు బిల్ రసెల్. 1934లో లూసియానాలోని మన్రోలో పుట్టి, చిన్నతనంలోనే కుటుంబంతో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ చేరాడు. తన ఆత్మకథలో ఒక సంగతి రాసుకున్నాడు. లైబ్రరీలో దొరికిన పుస్తకాల్లో డావిన్చీ, మైకెలాంజెలో బొమ్మలు చూసి, ఒక్కో బొమ్మని గీతగీతగా మనసులో నిలుపుకుని, ఇంటికొచ్చి కాగితం మీద వేయబోతే చెయ్యి సాగేది కాదట. కొన్నేళ్లకు, పద్దెనిమిదేళ్ల వయసులో ఒక జట్టుతో ఊళ్లు తిరుగుతూ ఆడుతున్నప్పుడు, తోటి ఆటగాళ్ల కదలికల్ని అదే పద్ధతిలో మనసులో బొమ్మ కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఈసారి ఒళ్లు ఆ బొమ్మకు లొంగింది. అందులోంచి ఇంకో అడుగు వేశాడు: తోటివాడు బంతితో వెళ్లే తీరు మనసులో ఆడిస్తూ, వాడికి ఎదురుగా తనను అద్దంలో ప్రతిబింబంలా నిలబెట్టుకున్నాడు. వాడు కుడికాలు వేస్తే తాను ఎడమకాలు, వాడు లేస్తే తాను లేవడం. అభినవగుప్తుడి అద్దం పోలిక ఇరవయ్యో శతాబ్దంలో ఒక నల్లజాతి కుర్రాడి మనసులో ఇలా మళ్లీ వెలిగిందని తెలిసినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను.

రసెల్ ఎడమచేతి వాటం మనిషి. బంతి విసిరేవాళ్లలో ఎక్కువమంది కుడిచేతివాళ్లు. ఎదురెదురుగా నిలబడితే అతని ఎడమచెయ్యి వాళ్ల కుడిచేతికి సరిగ్గా ఎదురు వస్తుంది. ఇదీ అద్దమే. యూనివర్సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో తరఫున 1955లో, 1956లో కాలేజీ చాంపియన్‌షిప్‌లు గెలిచాడు. అక్కడ తన స్నేహితుడు కె.సి. జోన్స్‌తో కలిసి గంటల తరబడి బంతి పోయే కోణాల గురించే మాట్లాడుకునేవాడు. తర్వాత బోస్టన్ సెల్టిక్స్‌తో పదమూడేళ్లు ఆడాడు, అందులో పదకొండేళ్లు ట్రోఫీ బోస్టన్‌దే. ఏ జట్టు ఆటలోనైనా ఇలాంటి మనిషిని మళ్లీ చూపించడం కష్టం.

అంకెలు అలా ఉంచి, అతను బంతిని ఆపే తీరు చూడాలి. ఇప్పటి కుర్రాళ్లలో చాలామంది బ్లాక్ చేసినప్పుడు బంతిని ప్రేక్షకుల్లోకి బాదుతారు. జనం లేచి కేకలు పెడతారు. నాకది రుచించదు. బాదిన బంతి గీత దాటి బయటపడగానే మళ్లీ ఎదుటి జట్టు చేతికే పోతుంది. రసెల్ బంతిని బాదడు, తాకుతాడు. బంతి వేగం తగ్గి, దిశ మారి, తన జట్టువాడి చేతిలోకో తన చేతిలోకో దిగుతుంది. అక్కడినుంచి ఒక్క పాస్‌తో బోస్టన్ పరుగందుకుంటుంది. ఎదుటివాడి పద్యంలో రెండో పాదం తాను అందుకుని తన భావంతో పూర్తి చేసే అవధాని లాంటివాడు. వినాశనం లేని నిరోధం అది. ప్రతి బంతినీ ఆపాలని అతను ఎప్పుడూ అనుకోలేదు. ఏ బంతి ఆపుతాడో తెలియక ఎదుటివాళ్లు ప్రతి బంతికీ అతన్ని తలుచుకోవాలి. వెయ్యకుండా మానుకున్న షాట్‌లు, చేతిలోంచి అరక్షణం ముందే జారిపోయిన షాట్‌లు, ఇంకాస్త ఎత్తుకి లేపబోయి గురి తప్పినవి: అవన్నీ అతని రచనలే. చెప్పినదానికంటే చెప్పకుండా స్ఫురించేది గొప్పదని ధ్వని సిద్ధాంతం. రసెల్ డిఫెన్స్‌లో సింహభాగం ధ్వనే. పైగా అతను వాస్తవంగా ఆపిన బంతులకు కూడా లెక్క లేదు. 1969లో అతను ఆట మానేశాడు. బ్లాక్‌లు లెక్కపెట్టడం ఎన్‌బీఏ 1973–74లో మొదలుపెట్టింది.

లెక్క మొదలయ్యాక అందరికంటే ఎక్కువ బ్లాక్‌లు చేసినవాడు హకీమ్ ఒలాజువాన్. 3,830. నైజీరియాలోని లాగోస్‌లో పుట్టి, పదిహేనేళ్లు దాటాక గానీ బాస్కెట్‌బాల్ ముట్టుకోలేదు. అప్పటిదాకా ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్, హ్యాండ్‌బాల్ ఆటగాడు. అంతటి ఎత్తైన మనిషికి అంత తేలికైన పాదాలు ఎక్కడివని అడిగేవాళ్లకు సమాధానం అదే. 1994 జూన్ 19, హ్యూస్టన్‌లో ఫైనల్స్ ఆరో ఆట. న్యూయార్క్ నిక్స్ 3–2తో ముందుంది. హ్యూస్టన్ 86, న్యూయార్క్ 84. ఆఖరి సెకన్లలో జాన్ స్టార్క్స్ మూడు పాయింట్ల గీత దగ్గర బంతితో ఉన్నాడు. ఆ క్వార్టర్ అంతా అతని గురి మీదే నడిచింది. ఆ బంతి పడితే ట్రోఫీ న్యూయార్క్‌ది. తోటి ఆటగాడు ప్యాట్రిక్ ఈవింగ్ స్క్రీన్ పెట్టాడు, అంటే కాపలావాడి దారికి ఒళ్లు అడ్డం పెట్టి నిలబడ్డాడు. బుట్ట కింద ఉండవలసిన హ్యూస్టన్ ఆటగాడు ఒలాజువాన్ గీత దాకా వచ్చి స్టార్క్స్ ఎదుట లేచాడు. బంతికి తగిలింది వేళ్ల కొసలు, అంతే. బంతి దారి తప్పి బుట్టకు దూరంగా పడిపోయింది. వీణ మీద గమకానికి తీగని ఎంత లాగాలో అంతే లాగినట్టు, ఒక చాంపియన్‌షిప్‌ని వేలికొసంత ఒత్తిడితో నిలబెట్టాడు. ఏడో ఆట హ్యూస్టన్ గెలిచింది.

ఇంతవరకూ ఒక్కొక్కరి గురించే చెప్పాను. నిజానికి ఒక్కడిగా ఎంత గొప్పవాడైనా, కోర్టు మీద ఒంటరిగా మిగిలిన డిఫెండర్ ఎప్పుడో ఒకప్పుడు ఓడిపోతాడు. బంతి ఉన్నవాడికి ఎటు పోవాలో ముందు తెలుసు, కాపలావాడికి తర్వాత తెలుస్తుంది. ఆ అరక్షణం బాకీని మిగతా నలుగురు తీర్చాలి. కబడ్డీ చూసి పెరిగిన మనకి ఇది తెలియనిది కాదు. కూతకు వచ్చినవాడి ఎదుట చేయీచేయీ పట్టుకుని గొలుసుగా నిలబడ్డ ఇద్దరు ఎప్పుడు ముందుకు ఊగాలో, ఎప్పుడు తగ్గాలో చెప్పుకోరు. పట్టు బిగుస్తుంది, పక్కవాడికి అర్థమవుతుంది. బాస్కెట్‌బాల్‌లో చేతులు పట్టుకోవడం లేదు గానీ గొలుసు ఉంది. బంతి ఉన్నవాడు తన కాపలావాణ్ని దాటుకుని లోపలికి దూరగానే, బుట్ట దగ్గరివాడు తన మనిషిని వదిలి ఎదురెళ్తాడు. వదిలిన మనిషి దగ్గరికి మూలనున్నవాడు జారుకుంటాడు. అవతలి పక్కవాడు ఇద్దరి మధ్య నిలబడి ఇద్దర్నీ చూసుకుంటాడు. దాటించుకున్నవాడు తిరిగొచ్చి ఖాళీ చోటు పూడుస్తాడు. ఇదంతా ఒక్క సెకనులో జరుగుతుంది. మగ్గం మీద ఒక పోగు లాగితే చీరంతా కదిలినట్టు అయిదుగురూ కదులుతారు. కళ్లు మూసుకుని విన్నా ఇది బాగుంటుంది. మంచి డిఫెన్స్ ఆడే జట్టు ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటుంది. ఎడమ పక్క స్క్రీన్ వస్తోందని, నేనున్నాను పొమ్మని, బంతి బంతి అని. వెనకనుంచి ఏం వస్తుందో చూడలేనివాడికి స్నేహితుడి గొంతే కళ్లు.

2004లో డెట్రాయిట్ పిస్టన్స్ ఈ గొలుసుతోనే గెలిచింది. ఎదుట నిలిచిన లాస్ ఏంజెలిస్ లేకర్స్‌లో షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్, కార్ల్ మలోన్, గ్యారీ పేటన్ ఉన్నారు. డెట్రాయిట్ మధ్యలో నిలబడ్డ బెన్ వాలెస్‌ని, జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ ఎంచుకోలేదు. ఫైనల్స్ మూడో ఆటలో అంతటి లేకర్స్ 68 పాయింట్ల దగ్గర ఆగిపోయింది. సిరీస్ 4–1. పాయింట్లు తక్కువ పడ్డ ఆటలని చప్పనివి అనేవాళ్లున్నారు. ఆ సిరీస్‌ని మళ్లీ చూడమంటాను, ఈసారి తెల్లగీతల లోపల ఖాళీ చోటు ఎక్కడ మిగిలిందో వెతుకుతూ.

ఎదురొచ్చేవాడి దారిలో నిలబడి గుండెతో ఢీకొని పడిపోయే చార్జ్ అనే పద్ధతి కూడా డిఫెన్స్‌లో భాగమే. అందులో ధైర్యం ఉందని ఒప్పుకుంటాను, అందం తక్కువ. తగలకుండానే పడిపోయే నటనని మాత్రం ఏ కోశానా మెచ్చుకోలేను. దానికంటే చేతులు నిటారుగా పైకెత్తి, లేచినచోటే లేచి దిగేవాడు నాకు ఎంతో గొప్పగా కనిపిస్తాడు. నిలబడినవాడికి ఆ చోటు నేలనుంచి పైదాకా సొంతమని ఆట నియమం ఒప్పుకుంటుంది. ఆ కనిపించని స్తంభం దాటకుండా, వంగకుండా, చెయ్యి దించకుండా ఎదుటివాడి బలాన్ని భరించడంలో గుడి ముందు ధ్వజస్తంభం నిబ్బరం ఉంది.

షేన్ బాటియేని కూడా తలుచుకోవాలి. హ్యూస్టన్‌లో ఆడే రోజుల్లో కోబీ బ్రయంట్‌కి కాపలా కాసేవాడు. 2009లో రచయిత మైకేల్ లూయిస్ అతని మీద రాసిన పెద్ద వ్యాసంతో అతని పద్ధతి లోకానికి తెలిసింది. కోబీ లేచి బంతి విసిరేటప్పుడు బాటియే బంతికోసం ప్రయత్నించడు. అరచేతిని కోబీ కళ్లకు అడ్డం పెడతాడు. కోబీకి ఏ చోటనుంచి గురి తక్కువో ముందే చదువుకుని, మాట్లాడకుండా అతన్ని ఆ చోటికే నడిపిస్తాడు. అయినా కోబీ కొన్ని వేసేస్తాడు. బాటియే ముఖం మారదు. చేయవలసింది చేశాక ఫలితాన్ని వదిలేసిన ఆ ముఖం అంటే నాకు చాలా గౌరవం.

ఇక 2016. మళ్లీ జూన్ 19, ఓక్లండ్‌లో ఫైనల్స్ ఏడో ఆట. క్లీవ్‌లండ్ 89, గోల్డెన్ స్టేట్ 89. రెండు నిమిషాల కంటే తక్కువ ఉంది. గోల్డెన్ స్టేట్ ఆటగాడు ఆండ్రే ఇగుడాలా బుట్ట మీదికి పరుగెత్తాడు. వెనకనుంచి క్లీవ్‌లండ్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ కోర్టు పొడవునా తరుముకొచ్చి, గాల్లోకి లేచి, బంతిని బుట్ట వెనక పలకకు అదిమేశాడు. దాని గురించి చెప్పని నోరు లేదు, నేనూ దానికి దాసుణ్ణే. కానీ ముందు అతని జట్టువాడు జె.ఆర్. స్మిత్‌ని చూడండి. ఇగుడాలా లేచినప్పుడు స్మిత్ ఎదురుగా లేచి చెయ్యి చాపాడు, బంతి అందలేదు. ఆ చెయ్యి తప్పించడానికి ఇగుడాలా గాల్లోనే బంతిని కిందికి దించి మళ్లీ లేపాడు. లెబ్రాన్ చేరింది ఆ విరామంలోకే. కచేరీలో మృదంగం వదిలిన ఒక్క అక్షరకాలం మీద పాట నిలబడినట్టు, ఆ ప్రసిద్ధమైన బ్లాక్ స్మిత్ అందుకోలేకపోయిన చేతి మీద నిలబడి ఉంది.

తర్వాత 53 సెకన్లు ఉండగా కైరీ అర్వింగ్ మూడు పాయింట్లు వేశాడు. 92–89. బంతి స్టెఫెన్ కరీ దగ్గరికొచ్చింది. ఆ సీజన్‌లో 402 సార్లు మూడు పాయింట్ల బుట్ట వేసినవాడు, అంతకుముందు ఎవరూ దరిదాపులకు రాలేదు. స్క్రీన్ వల్ల మనుషులు మారి అతని ఎదుట కెవిన్ లవ్ మిగిలాడు. లవ్ డిఫెన్స్‌కి పేరున్నవాడు కాదు. భారీ మనిషి, పాదాలు నెమ్మది. ఆ సిరీస్ అంతా గోల్డెన్ స్టేట్ ఇలాంటి జత కోసమే వెతికింది. కరీ ఎడమకు ఊగాడు, లవ్ జరిగాడు. కుడికి ఊగాడు, జరిగాడు. కరీ వెనక్కి తగ్గాడు, లవ్ ముందుకొచ్చాడు, కాళ్లు కత్తెర పడలేదు. కరీ బంతిని డ్రేమండ్ గ్రీన్‌కి ఇచ్చి మళ్లీ తీసుకున్నాడు. లవ్ మళ్లీ అక్కడే, మోకాళ్లు వంచి, చెయ్యి పైకెత్తి. మళ్లీ అటు, మళ్లీ ఇటు. జీవితంలో ఎప్పుడూ అంతసేపు అంత కిందికి వంగి ఉండడనిపించే ఆ మనిషి, కొన్ని సెకన్లపాటు ప్రపంచంలోకెల్లా కష్టమైన పుస్తకాన్ని ఒక్క అక్షరం తప్పకుండా చదివాడు. కరీ ఆఖరికి వెనక్కి జరిగి బంతి వదిలాడు. లవ్ దాన్ని ముట్టుకోలేదు. బంతి ఇనుప వలయానికి తగిలి బయటపడింది. క్లీవ్‌లండ్ 93–89తో గెలిచింది.

ఆట నమోదు పత్రంలో ఆ క్షణానికి రాసింది ఇంతే: కరీ, మూడు పాయింట్ల ప్రయత్నం, తప్పింది. కెవిన్ లవ్ పేరు ఆ వరుసలో లేదు.